అమ్మకానికి ఇల్లు, చప్పుడుతో సహా

మా పెదనాన్నకు మధ్యలో మనిషి పడడు.

ఈ ఒక్క మాట చెప్పాక ఆయన గురించి చెప్పాల్సింది ఇంక పెద్దగా ఉండదు. మిగిలినవన్నీ ఇందులోంచి పుట్టినవే. హోటలుకు వెళితే సర్వరుకు చెప్పరు. తిన్నగా వంటగదిలోకి నడిచి, పొయ్యి పక్కన నిలబడి, "నాకు ఉప్పు తక్కువ ఉండాలి. ఈ మాట నీకు నేనే చెప్పాను, గుర్తుంచుకో" అని వంటవాడికే చెబుతారు. ఓసారి ఆ వంటవాడు గరిటె ఆయన చేతికిచ్చి, "అయితే నేను మాత్రం ఎందుకండీ మధ్యలో?" అన్నాడు. పెదనాన్న కాసేపు ఆలోచించి, "నిజమే" అన్నారు. ఆ రోజు నుంచి హోటలుకు వెళ్ళటం మానేశారు.

పెళ్ళి మాటలకు కూడా ఎవరినీ వెంటబెట్టుకోకుండా తనే వెళ్ళి మా తాతయ్యను అడిగారట. "మీ పెద్దవాళ్ళెవరూ రాలేదా బాబూ?" అని తాతయ్య అడిగితే, "వాళ్ళు చేసుకోవటం లేదు కదండీ" అన్నారట. పెళ్ళయిన కొన్నాళ్ళకు ఆయనా పెద్దమ్మా రైల్లో వెళుతుంటే ఎక్కడో పొలాల మధ్య రైలు ఆగింది. ఎందుకు ఆగిందో జనం ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు. పెదనాన్న దిగి, ఇంజను దాకా నడిచి, డ్రైవరునే అడిగారు. "సిగ్నల్ పడలేదండీ" అని డ్రైవరు చెప్పాడో లేదో సిగ్నల్ పడింది. పెద్దమ్మ ఒక్కతే ఊరు చేరింది. మర్నాడు సాయంత్రం దుమ్ముకొట్టుకుని వచ్చిన పెదనాన్న, "సమాధానం మాత్రం సరైనదే దొరికింది" అన్నారట.

ఇవన్నీ ఆయన నవ్వుతూ చేసేవి కావు. ఆయన నవ్వగా నేను చూడలేదు. ఏం చేసినా కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టు చేస్తారు. మా వీధిలో ఆయన్ని అందరూ డైరెక్టుగారు అంటారు. ఉత్తరాలు తెచ్చే ఆయన కూడా అలాగే పిలుస్తాడు. ఆ ఉత్తరాలైనా అతని చేతి నుంచి అందుకోవటం పెదనాన్నకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

నేను ఆ ఇంటికి వచ్చింది తొమ్మిదో తరగతి సగంలో. అమ్మ పోయింది. పెద్దమ్మ అమ్మకు అక్క. ఒక బట్టల సంచీ, అమ్మ కుట్టుమిషను తెచ్చుకున్నాను. బడి మళ్ళీ మొదలుపెట్టలేదు. మొదటిరోజే పెద్దమ్మ, "పెదనాన్నను అన్నానికి రమ్మను" అని పంపితే వెళ్ళి చెప్పాను.

"ఆవిడనే వచ్చి పిలవమను" అన్నారు.

నేను తిరిగి వంటగదిలోకి వెళ్ళి ఆ మాట చెప్పాను. పెద్దమ్మ గరిటె కింద పెట్టి, "మరి ఆ మాట నీ చేత ఎందుకు పంపారట? ఆయన్నే వచ్చి చెప్పమను" అంది. ఆ మధ్యాహ్నం ముగ్గురం మూడింటికి తిన్నాం.

వీధిలోకి తలుపున్న ముందు గది నాకిచ్చారు. అక్కడ మిషను పెట్టుకుని కుడతాను. మొదటి గిరాకీ రావటానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు వీధిలో సగం ఇళ్ళ కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి. నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడను, తలెత్తి చూడను. తల వంచుకుని కుట్టేదాన్ని కాబట్టి మనుషులు నాకు ఎక్కువగా కాళ్ళతోనే తెలుసు. గుమ్మంలో చెప్పులు విడిచే తీరు చూసి, బట్ట తొందరగా కావాలంటారో బేరమాడతారో చెప్పగలను.

ఆ ఇల్లు అమ్మాల్సి వచ్చింది. పెద్దమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రం పక్కన పడుకోవాలి. ఆసుపత్రి ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారాలి. మా పడకగదులు మేడమీద, పదిహేడు మెట్లు. తిరిగి వచ్చిన రోజు పెద్దమ్మ నాలుగో మెట్టు మీద కూర్చుండిపోయేది. "చెప్పు తెగిందే, చూసుకుంటున్నా" అనేది. తెగని చెప్పును అరగంట చూసుకునేది.

ఆసుపత్రి పక్క సందులో నేలమీద రెండు గదుల ఇల్లొకటి అమ్మకానికి ఉంది. ఇంటాయన మూడు నెలలు ఆగుతానన్నాడు. ఆలోగా మా ఇల్లు అమ్ముడుపోవాలి. ఆ రెండు గదుల్లో మంచాలు పడితే మనుషులు పట్టరు. మిషను సంగతి, నా సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మా వీధి మొదట్లో కాగితాల దుకాణం మెట్ల కింద కుర్చీ వేసుకుని ఒక బ్రోకరు ఉంటాడు. చలవ చొక్కా, సెంటు వాసన, చేతిలో రెండు ఫోన్లు. సంగతి తెలిసిన గంటలో వచ్చాడు.

"సార్, నెలలో అమ్మి పెడతాను. నాది రెండు శాతం. అంతకంటే పైసా వద్దు."

"నువ్వేం చేస్తావు?" అన్నారు పెదనాన్న.

"కొనేవాళ్ళను తెస్తాను, ఇల్లు చూపిస్తాను, ధర మాట్లాడతాను."

"ఇంటికున్న లోపాలు చెబుతావా?"

"భలేవారే. లోపాలు కనిపెట్టుకోవటం కొనేవాళ్ళ పని కదా సార్!"

"ఇల్లు నాది, కళ్ళు వాళ్ళవి, లోపాలు ఎలాగూ కనిపిస్తాయి. మరి రెండు శాతం దేనికి?"

బ్రోకరు కాసేపు ఆయన్ని తేరిపార చూసి, "మీరు నోరు తెరవకుండా చూసుకోవటానికి సార్" అన్నాడు.

ఆ సాయంత్రమే పెదనాన్న అట్ట మీద తన చేత్తోనే రాసి గేటుకు కట్టారు: ఈ ఇల్లు అమ్మబడును. యజమానితోనే మాట్లాడవలెను. బ్రోకర్లు టీకి మాత్రమే రావలెను.

బ్రోకరు ఆ మాటను పట్టుకుని రోజూ నాలుగింటికి టీకి రావటం మొదలుపెట్టాడు. గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చుని, ఆ రోజు ఎవరు వచ్చారో, ఎందుకు పారిపోయారో విని, తల కొట్టుకుని వెళ్ళేవాడు.

పారిపోయారంటే పారిపోరా మరి? పెదనాన్న ఇల్లు చూపించటం అలా ఉండేది. ముందు స్నానాలగది. "ఈ కుళాయి అందరి కుళాయిల్లా తిరగదు. ఎడంవైపు తిప్పితే ఆగుతుంది. నేర్చుకోవటానికి నాకు రెండేళ్ళు పట్టింది." తర్వాత మెట్లు. "తొమ్మిదోది అంగుళం పొట్టి. తాపీమేస్త్రీకి ఆ రోజు ఒంట్లో బాగాలేదు." తర్వాత వంటగది కిటికీ మూల, చేతిలో టార్చిలైటు. "వానాకాలం ఇక్కడ చెమ్మ వస్తుంది. ఇదిగో, చెయ్యి పెట్టి చూడండి. పెట్టండి, పరవాలేదు." వచ్చినవాళ్ళు మొహమాటానికి గోడ మీద చెయ్యి పెట్టి, దేవుడి ఎదుట ప్రమాణం చేస్తున్నట్టు నిలబడేవాళ్ళు.

ఆఖరిది నా వంతు. అందరినీ మధ్య గదిలో నిలబెట్టి, చేతి గడియారం చూసుకుంటూ కేకేసేవారు.

"అమ్మాయ్, తొక్కు!"

అమ్మ మిషను పాతది, ఇనుపది. తొక్కితే ఇల్లంతా టకటకలాడుతుంది. మధ్య గదిలో ఓ నిమిషం, మేడమీద రెండు నిమిషాలు, మొత్తం మూడు నిమిషాలు వాళ్ళు ఆ చప్పుడు వినాలి. అయ్యాక ఒకే ప్రశ్న. "ఈ చప్పుడు మీకు పడుతుందా?"

కొత్త చెప్పులు వేసుకొచ్చిన పంతులమ్మ, "అబ్బే, నాకు తలనొప్పండీ" అని వెళ్ళిపోయింది. కర్ర పట్టుకొచ్చిన ముసలాయన మాత్రం హాయిగా, "నాకేం ఇబ్బంది లేదు" అన్నాడు. పెదనాన్న సంతోషించబోయి, అనుమానం వచ్చి వెనకనుంచి మెల్లగా పిలిచి చూశారు. ఆయనకు వినపడదు. "మీకు పడితే సరిపోదండీ, మీ కోడలికి పడాలి. ఆవిడను తీసుకురండి" అని చెవి దగ్గర అరిచారు. మర్నాడు కోడలు వచ్చింది. ఆవిడకు పడలేదు.

ఒకాయన నిజంగానే ఒప్పుకున్నాడు. తోలుచెప్పులు, వాటిని గుమ్మంలో జంటగా సర్దిపెట్టుకున్న పద్ధతైన మనిషి. "చప్పుడుదేముందండీ! మేం చేరేనాటికి ఆ అమ్మాయి ఎలాగూ మిషను తీసుకుని వెళ్ళిపోతుంది కదా" అని నవ్వాడు.

"ఇంక దయచేయండి" అన్నారు పెదనాన్న.

తోలుచెప్పులాయన పాదాలు వెనక్కి తిరగటం నేను చూశాను. తర్వాత పెద్దమ్మ దగ్గరకు వెళ్ళి, "ఆయన సరేనన్నాడుగా పెద్దమ్మా! నా చప్పుడెందుకు అందరికీ? నేను మిషను ఆపేస్తాను" అన్నాను.

పెద్దమ్మ మందుబిళ్ళలు లెక్కపెట్టుకుంటోంది. "ఆయన పద్ధతి ఆయనది. నిన్ను తొక్కమంటే తొక్కు" అంది, తలెత్తకుండా.

రెండు నెలలు గడిచాక ఒక కాంట్రాక్టరు వచ్చాడు. మెరిసే బూట్లు, విడవకుండానే లోపలికి వచ్చాడు. కుళాయి చూడలేదు, చెమ్మ చూడలేదు. మేం అడిగిన ధర కంటే ఎక్కువే చెప్పాడు. ఆ రోజు టీకి వచ్చిన బ్రోకరు గ్లాసు పట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

"చప్పుడు వినరా?" అన్నారు పెదనాన్న.

"వినటమెందుకండీ? ఇల్లు పడగొట్టేస్తాను. నాలుగంతస్తులు లేపి అమ్ముకుంటాను."

"అంటే మీరు ఇందులో ఉండరు."

"నేనెందుకుంటానండీ!"

"మా నుంచి కొని ఇంకొకళ్ళకు అమ్ముతారు."

"వ్యాపారమంటే అదే కదా మరి!"

"అయితే మీరు మధ్యలో మనిషి" అన్నారు పెదనాన్న, గుమ్మం వైపు చెయ్యి చూపిస్తూ.

బ్రోకరు టీ గ్లాసు అక్కడే వదిలేసి లేచాడు. "సార్, నా పాతికేళ్ళ సర్వీసులో ఇల్లు అమ్మటం రానివాళ్ళను చూశాను. అమ్మకుండా ఉండటానికి ఇంత కష్టపడేవాళ్ళను మాత్రం మిమ్మల్నే చూస్తున్నాను."

ఆ రోజు పెద్దమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి నాలుగో మెట్టు మీద కూర్చుంది. ఈసారి చెప్పు వంక కూడా పెట్టలేదు. పెదనాన్న వెళ్ళి మూడో మెట్టు మీద కూర్చున్నారు. నాకు గుండె మండింది. జీవితంలో మొదటిసారి ఆయన ఎదురుగా నిలబడి అడిగాను.

"పెదనాన్నా, బ్రోకరుకు ఇచ్చేస్తే పోదా? రెండు శాతమేగా! ఎందుకంత పట్టుదల?"

"ముప్పై మూడేళ్ళు ఆఫీసులో దరఖాస్తుల కిటికీ దగ్గర కూర్చున్నానమ్మా. ఇటువైపు నిలబడ్డవాడి మాట అటువైపు ఆఫీసరుకు చేరవేయటం నా పని. మధ్యలో మనిషిని నేనే. వాడు ఇక్కడ ఏడ్చి చెప్పిన మాటను నేను అక్కడ ఒక్క వాక్యం చేసి చెప్పేవాణ్ణి. అబద్ధం ఆడలేదు. కానీ మాట కారిపోయేది, చిల్లుకుండలో నీళ్ళలాగా. ముఖ్యమైనదే ముందు కారిపోతుంది."

అంత పెద్ద మాట ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. అర్థం మాత్రం కాలేదు. కుళాయి తిరగదనే మాట ఎవరి చేత చెప్పిస్తే ఏం కారిపోతుంది?

గడువుకు పన్నెండు రోజులు మిగిలాయి. నాకు ఒకటే తోచింది. ఇంటికి తగిలిన పీడ నా మిషనే. ఒక పాత దుప్పటిని నాలుగు ముక్కలు చేసి, మడతలు వేసి మిషను కాళ్ళ కింద ఒక్కోటి పెట్టాను. ఉన్న నూనె సీసా అంతా కీళ్ళలో పోశాను. పట్టీ కొంచెం వదులు చేశాను. తొక్కి చూస్తే దూరంగా ఎవరో పాన్పు దులుపుతున్నట్టు వినిపించింది.

మర్నాడు ఒక జంట వచ్చారు. ఆయన చెప్పుల మీద నల్లటి సిరా మరకలు. ఆవిడ చెప్పుల్లో ఒకదానికి పిన్నీసు పెట్టి ఉంది. ఆవిడ భుజం మీద ఏడాదిన్నర పాప, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది. పెదనాన్న కుళాయి చూపించారు, తొమ్మిదో మెట్టు చూపించారు, ఆయన చేత గోడ మీద చెయ్యి పెట్టించారు.

"అమ్మాయ్, తొక్కు!"

తొక్కాను. కాసేపు ఏ గదిలోంచీ పలుకు లేదు.

"తొక్కమ్మా!"

"తొక్కుతున్నాను పెదనాన్నా!"

ఆయన గబగబా ముందు గదిలోకి వచ్చారు. మిషను వంక చూశారు, నా వంక చూశారు. తర్వాత, డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ మీద వంగి, మిషను కాళ్ళ కింద నుంచి దుప్పటి ముక్కలు ఒక్కొక్కటీ లాగి, నాలుగూ చేతిలో పట్టుకుని లేచారు. వచ్చినవాళ్ళు గుమ్మంలోంచి చూస్తున్నారు.

"క్షమించండి. ఇక్కడ మోసం జరిగింది. మా అమ్మాయి తెలియక చేసింది. అసలు చప్పుడు ఇది కాదు" అని, పట్టీ తనే బిగించి, "ఊఁ" అన్నారు.

నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. అది చీలలేదు కాబట్టి తొక్కాను. కళ్ళ నిండా నీళ్ళు, ఎదురుగా బట్ట కనపడటం లేదు. ఇల్లంతా టకటక. పాప ఏడుపు ఒక్కసారి ఆగింది. మరీ భయపెట్టానేమోనని కాలు తీయబోయాను.

"ఆపకమ్మా, ఆపకు!" అంది ఆవిడ కంగారుగా. "ఇప్పుడే కళ్ళు మూసింది."

తలెత్తి చూశాను. పాప తల్లి భుజం మీద నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"అచ్చాఫీసు పైగదిలో ఉండేవాళ్ళమండీ" అంటున్నాడు సిరా మరకలాయన, చిన్నగా. "రాత్రీ పగలూ కింద యంత్రం తిరిగేది. దాని పుట్టుకే ఆ చప్పుడులో. ఆఫీసు ఊరి బయటికి మారిందండీ. ఆరు నెలల నుంచి ఒక సైలెంటు ఇంట్లో ఉంటున్నాం. ఆరు నెలలుగా మాకు నిద్ర లేదు."

పెదనాన్న గడియారం జేబులో పెట్టుకున్నారు. మూడు నిమిషాల సంగతి మరిచిపోయారు. వాళ్ళను మధ్య గదిలోకి తీసుకెళ్ళి ఏదో మాట్లాడారు. నేను ఆపకూడదు కాబట్టి తొక్కుతూనే ఉన్నాను. ఆ మాటల్లో ఒక్కటీ నాకు వినపడలేదు. ఒకే అంచును ఏడుసార్లు కుట్టాను.

వారంలో కాగితాల మీద సంతకాలయ్యాయి. ఆ రోజు నాలుగింటికి బ్రోకరు టీకి వచ్చాడు.

"ఓడిపోయాను సార్. మొత్తానికి రెండు శాతం మిగుల్చుకున్నారు."

"మిగల్లేదు. ఖర్చైపోయింది" అన్నారు పెదనాన్న.

"అప్పుడే? దేనికి సార్?"

పెదనాన్న ఒప్పందం కాగితం అతని ముందు పెట్టారు. బ్రోకరు చదువుతూ చదువుతూ ఒకచోట వేలు ఆపాడు. టీ చల్లారిపోయింది.

"ఈ షరతు నాతో ఒక్కమాట చెప్పుంటే..."

"చెబితే ఏం చేసేవాడివి?"

బ్రోకరు నిజాయితీపరుడే. "ఆఖర్న చెబుదాంలే అనుకునేవాణ్ణి సార్. ఆఖర్న... చెప్పేవాణ్ణి కాదేమో."

"అందుకే" అన్నారు పెదనాన్న.

నేను ఇవతల గదిలో ఉన్నాను. ఏం షరతో నన్ను ఎవరూ పిలిచి చెప్పలేదు, నేనూ అడగలేదు. పట్టీ విప్పాను. మిషను తల ఊడదీసి ఇంకో దుప్పటిలో చుట్టి తాడు కట్టాను. కొలతల పుస్తకం సంచిలో పెట్టాను. పెదనాన్న అటుగా వచ్చి, ఆ మూట చూసి, నోరు తెరిచి, మూసి, గొంతు సవరించుకుని వెళ్ళిపోయారు. కాసేపటికి మళ్ళీ వచ్చి, మూటను చూసి, మళ్ళీ వెళ్ళిపోయారు. మూడోసారి పెద్దమ్మ వచ్చింది.

నా స్టూలు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది. "ఆ తాడు విప్పు" అంది.

"ఎందుకు పెద్దమ్మా?"

"ఈ గది పదేళ్ళు నీది. వీధి తలుపు, బయట బోర్డు పెట్టుకునే గోడ కూడా. పదేళ్ళూ అద్దె పెంచకూడదు, చప్పుడు గురించి మాటనకూడదు. అన్నీ రాయించారు. అద్దె మాత్రం నువ్వే వాళ్ళ చేతికివ్వాలి, డైరెక్టుగా."

నా చేతులు తాడు మీదే ఉండిపోయాయి.

"అలాంటి షరతుంటే ధర ఎవరిస్తారు? బ్రోకరుకు పోయే రెండు శాతం ధరలో తగ్గిస్తానన్నారు. ఆ తగ్గింపు కోసం చప్పుడు పడనివాడు పడుతుందని అబద్ధమాడి, తర్వాత నిన్ను సతాయిస్తే? అందుకని ముందు చప్పుడు వినిపించి, పడినవాళ్ళకే షరతు చెబుదామన్నారు."

"మరి నువ్వు ఆ మెట్ల మీద... మూడు నెలలు..."

"నేనే అన్నానే, ఇలాగైతేనే ఇల్లమ్మండని. మెట్లకేం, పదిహేడే!"

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఒప్పుకుంటావా? మర్నాడే మూట కట్టుకుని ఏ హాస్టలుకో పోయేదానివి. ఇప్పుడు కూడా నేను చెప్పలేను, వెళ్ళి నువ్వే చెప్పు అని నన్ను తోలారు మీ పెదనాన్న."

నేను తల వంచుకున్నాను, ఎప్పటిలాగే. మధ్య గది తలుపుకు వేసిన తెర కింద రెండు పాదాలు కనిపించాయి. ఎడమ బొటనవేలికి పగిలిన గోరు. ఎన్నాళ్ళుగానో తెలిసిన పాదాలే. తెర వెనక ఆయన ఊపిరి కూడా పీల్చుకుంటున్నట్టు లేదు.

నాకు ఏడుపు రావాలి. గొంతులోకి వచ్చింది మాత్రం వేరేది.

"మధ్యలో మనిషెందుకు పెద్దమ్మా?" అన్నాను, తెర అవతలికి వినపడేంత గట్టిగా. "ఆయన్నే వచ్చి చెప్పమను!"

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాదాలు కదల్లేదు. ఒకటి ముందుకు వచ్చింది, మళ్ళీ వెనక్కి పోయింది. తెర ఇవతలికి ఒక చెయ్యి మాత్రం వచ్చి, నాలుగు దుప్పటి ముక్కలు నేలమీద పెట్టింది.

"ఇవి ఇంకెప్పుడూ దాని కాళ్ళ కింద పెట్టకు" అంది పెదనాన్న గొంతు, చాలా గంభీరంగా. "ఒప్పందంలో చప్పుడు కూడా ఉంది."